నాలుగడుగుల ట్యాంకులో మరిన్ని యోయో లోచ్‌లు: జూన్ నుంచి నవంబర్ దాకా పని డైరీ

లోచ్‌లు గుంపుగా బతికే చేపలు. రెండు మూడు మాత్రమే ఉంటే ఒకటి పెత్తనం చేస్తుంది, బక్కది దెబ్బలు తింటుంది. కనీసం ఐదారు ఉండాలన్నది అందరూ చెప్పే మాటే. ఉన్న ట్యాంకులోకి కొత్తవి దించే ముందు ఏమేం కొలవాలి, ఏది ఎక్కడ తేడా కొడుతుంది అన్నదే దొరకదు. చేపలు కొనడం ఇందులో చిన్న పని. ఫిల్టరు, దాక్కునే చోట్లు, క్వారంటైన్ (కొత్త చేపల్ని కొన్నాళ్ళు విడిగా ఉంచి చూడడం) అనే మూడింటికే దాదాపు సమయమంతా పట్టింది. అవి కుదిరాకే గుంపు పెంచాలని నేను గట్టిగా నమ్ముతున్నాను.

దశ 1: ఉన్నదాన్ని కొలవడం (జూన్)

ట్యాంకు 4 అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు. అంచుదాకా నింపితే 255 లీటర్లు. ఇసుక, రాళ్ళు, పైన వదిలిన ఖాళీ పోను అసలు నీళ్ళు దాదాపు 200 లీటర్లు. మందు వేసినా, నీళ్ళు మార్చినా లెక్క 200 మీదే వెయ్యాలి.

లోపల మూడు యోయో లోచ్‌లు, కొన్ని రోజీ బార్బ్‌లు. మన దుకాణాల్లో యోయోనే పాకిస్తానీ లోచ్ అని కూడా అమ్ముతారు. ఉత్తర భారత నదుల చేప. పెద్దయితే 12 నుంచి 15 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది.

చేపను బయటికి తీయకుండా పొడవు ఇలా కొలిచాను:

1. అద్దం బయట, కింది అంచున ప్లాస్టిక్ స్కేలు అతికించాలి.
2. మేత సరిగ్గా ఆ స్కేలు వెనకే పడెయ్యాలి.
3. ఫోన్‌ను అద్దానికి ఎదురుగా నిలిపి వరసగా ఫోటోలు తియ్యాలి.
4. చేప అద్దానికి ఆనుకుని ఉన్న ఫోటోనే లెక్కలోకి తీసుకోవాలి. వెనక్కి జరిగితే పొడవు తగ్గి కనిపిస్తుంది.

పెద్దది 11, నడిమిది 8.5, చిన్నది 7 సెంటీమీటర్లు. మేత వేసిన పది నిమిషాల్లో 14 తరుములాటలు లెక్కపెట్టాను. అందులో 9 చిన్నదాని మీదే. దాని తోక కింది సగం చీలిపోయి ఉంది, పొట్ట లోపలికి పీక్కుపోయింది.

తర్వాత ఫిల్టరు. నా క్యానిస్టర్ (ట్యాంకు బయట ఉండే డబ్బా ఫిల్టరు) అట్ట మీద గంటకు 1200 లీటర్లు అని ఉంటుంది. బయటికి వచ్చే పైపు తీసి 15 లీటర్ల బకెట్‌లో పెడితే నిండడానికి 80 సెకన్లు పట్టింది, అంటే గంటకు 675 లీటర్లు. ఇంపెల్లర్ (నీళ్ళు తోసే చిన్న చక్రం) మీద జిగురు గీకి, పైపుల లోపల బ్రష్ తిప్పి మళ్ళీ పెడితే 58 సెకన్లు, అంటే 930 లీటర్లు. ట్యాంకు నీళ్ళు గంటకు నాలుగున్నర సార్లు తిరుగుతున్నాయన్నమాట. లోచ్‌లు ప్రవాహం, ఆక్సిజన్ కోరుకునే చేపలు కాబట్టి దీనికి తోడు ఒక స్పాంజ్ ఫిల్టరు కూడా వేశాను. అట్ట మీది అంకె నమ్మకండి, బకెట్ పెట్టి చూడండి.

నీళ్ళ దగ్గర ఒక చిక్కు బయటపడింది. నల్లా నీళ్ళ టీడీఎస్ (నీళ్ళలో కరిగిన లవణాల లెక్క, పీపీఎమ్‌లో, అంటే పది లక్షల్లో ఎన్ని పాళ్ళు) ఒకరోజు 270, ఇంకోరోజు 710. మీటరు పాడైందనుకుని మినరల్ వాటర్‌లో ముంచి చూశాను, మీటరు బాగానే ఉంది. వాచ్‌మన్‌ను అడిగితే, "ఇయ్యాల మంజీర రాలే సార్, సంపుల బోరు నీళ్ళే ఎక్కిచ్చిన" అన్నాడు. హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో ఇది మామూలే. ఇక్కడ వాటర్ బోర్డు నీళ్ళన్నిటినీ మంజీర అనే అంటాం. అవి కృష్ణవైనా, గోదావరివైనా సరే. బోరు నీళ్ళు కలిసిన రోజున మూడో వంతు నీళ్ళు మారిస్తే చేపలకు అది పెద్ద కుదుపు. అందుకే మంజీర వచ్చిన రోజే డ్రమ్ములో పట్టి, క్లోరిన్ పోయే మందు వేసి, గాలి గొట్టం పెట్టి ఉంచుకోవడం మొదలుపెట్టాను. డ్రమ్ములో కూడా మీటరు ముంచాకే ట్యాంకులోకి.

ప్రధాన ట్యాంకు అంకెలు (చేపల రెట్ట నుంచి పుట్టే అమ్మోనియాను ఫిల్టరులోని బాక్టీరియా నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మారుస్తుంది, మొదటి రెండూ విషాలు): అమ్మోనియా 0, నైట్రైట్ 0, వారం చివర నైట్రేట్ 20 పీపీఎమ్, పీహెచ్ 7.8, టీడీఎస్ 290, వేడి 28 డిగ్రీలు.

ఖర్చు: టెస్ట్ కిట్లు ₹1,150, టీడీఎస్ మీటరు ₹250, స్పాంజ్ ఫిల్టరు ₹250, డ్రమ్ము ₹900. మొత్తం ₹2,550.

దశ 2: క్వారంటైన్ ట్యాంకు

రెండడుగుల పాత ట్యాంకు, పది అంగుళాల దాకా నీళ్ళు. పైపులు పోను 45 లీటర్లు. అడుగున ఇసుక వెయ్యలేదు. రెట్ట, రాలిన మచ్చలు, తినని మేత అన్నీ కంటికి కనబడాలి, రోజూ గొట్టంతో లాగెయ్యాలి.

దశ 1లో వేసిన స్పాంజ్‌నే నెల పైగా పెద్ద ట్యాంకులో నడవనిచ్చి ఇందులోకి మార్చాను. కొత్త స్పాంజ్‌లో బాక్టీరియా ఉండదు, అమ్మోనియాను పట్టించుకునేది ఏదీ ఉండదు.

దాక్కోవడానికి రాణిగంజ్‌లో పీవీసీ పైపు ముక్కలు కోయించాను. మొదట 2 అంగుళాల పైపు తెచ్చాను. ఖాళీ ట్యాంకులో పెట్టి చూస్తేనే తెలిసింది, గాలి బుడగల తోపుకే దొర్లుతోంది. పైగా లోచ్‌లకు ఒళ్ళు రెండు పక్కలా తగిలే ఇరుకు చోటే ఇష్టం. ఒకటింబావు అంగుళం పైపుకు మార్చి ఇలా చేశాను:

1. ఆరంగుళాల ముక్కలు, చేపకు ఒకటి, పైన ఇంకో రెండు.
2. కోసిన అంచులన్నీ ఉప్పు కాగితంతో రుద్దడం. లోచ్‌ల పొలుసులు చాలా చిన్నవి, చర్మం ఇట్టే గీసుకుపోతుంది.
3. మూడేసి ముక్కలు కట్టగా కేబుల్ టైతో బిగించడం. ఇక దొర్లదు.
4. రెండు కొసలూ తెరిచే ఉంచడం. ఒకవైపు మూసి ఉంటే చేప లోపల ఇరుక్కోవచ్చు.

పైన దోమల జాలీ బిగించాను. గాలి గొట్టం పోయే సందు దగ్గర స్పాంజ్ ముక్క కుక్కాను. లోచ్ వేలెడు సందు ఉన్నా పైకి ఎగురుతుంది.

ఖర్చు: ట్యాంకు ₹900, 100 వాట్ల హీటరు ₹550, పైపులు ₹160, జాలీ ₹120. ఈ దశ ₹1,730. ఇప్పటిదాకా ₹4,280.

దశ 3: చేపల ఎంపిక (జూలై)

జీబ్రా లోచ్‌లు కలుపుదామన్న ఆలోచన చాలా రోజులు ఉంది. చారలు చూస్తే వదలబుద్ధి కాదు. పడమటి కనుమల చేప అది, తుంగ నీళ్ళది. తుంగ భద్రతో కలిసి కృష్ణలో పడుతుంది, ఆ కృష్ణ నీళ్ళే మన నల్లాల్లోకి వస్తున్నాయి. కానీ బోటియా స్ట్రయాటా (జీబ్రా లోచ్ శాస్త్రీయ నామం) ప్రకృతి సంరక్షణ సంస్థ ఐయూసీఎన్ రెడ్ లిస్టులో అంతరించే ప్రమాదంలో ఉన్న జాతి. అక్వేరియాల కోసం నదిలో పట్టడం కూడా దానికి ఒక కారణం. దుకాణంలో ఉన్నవి నదిలో పట్టినవా, పెంచినవా అంటే తెగేసి చెప్పగలిగినవాళ్ళు లేరు. ఆ జవాబు లేకుండా నేను కొనను. పైగా ఉన్నవి యోయోలు, గుంపు నిలబడాలంటే అదే జాతి చేపలు ఎక్కువ కావాలి. క్లౌన్ లోచ్‌ల ఆలోచన కూడా వద్దు. అడుగు దాకా పెరగగల చేపకు నాలుగడుగుల ట్యాంకు చాలదు.

మలక్‌పేట వైపు ఒక దుకాణంలో చూసినవి 5 నుంచి 6 సెంటీమీటర్లు. చూడాల్సినవి:

1. ఎదురుగా నిలబడి తల వెనక చూడండి. అక్కడ కత్తి అంచులా సన్నబడి ఉంటే లోపల పురుగు ఉండొచ్చు.
2. ఒంటి మీద చక్కెర పలుకుల్లాంటి చుక్కలు ఒక్కదానికి ఉన్నా ఆ ట్యాంకులో ఏ చేపా వద్దు.
3. ఎప్పుడొచ్చాయో అడగండి. నిన్న వచ్చినవైతే వారం ఆగండి.
4. మేత వెయ్యమని అడగండి. తినేవే తీసుకోండి.

పట్టేటప్పుడు పెద్ద జాగ్రత్త ఒకటుంది. యోయో, జీబ్రా లాంటి బోటియా రకం లోచ్‌లకు కంటి కింద రెండు మొనల ముల్లు ఉంటుంది, బెదిరితే నిక్కబొడుస్తాయి. "అన్నా, జాలీతో వద్దు, డబ్బాతో తియ్యవా" అని దుకాణం అతన్ని అడిగాను. అయిదింటిని డబ్బాతోనే తీశాడు, ఆరోది జాలీలో పడింది. ముల్లు దారాల్లో తగులుకుంది. చేప ఒకసారి మెలి తిరిగి, నోరు తెరుచుకుని కదలకుండా ఉండిపోయింది. లాగితే ముల్లు పెకిలి వస్తుంది. జాలీని చేపతో సహా నీళ్ళలోనే ముంచి ఉంచి, గోళ్ళ కత్తెరతో కంటి దగ్గరి దారాలు రెండు తెంచాం. ముల్లు ముడుచుకున్నాక అదే ఈదుకుంటూ బయటపడింది. ఆ జాలీ ఖరీదు కూడా ఇచ్చాను.

ప్లాస్టిక్ కవర్లను ఈ ముల్లు చీల్చేస్తుంది. మూతలో నాలుగు బెజ్జాలు పెట్టిన 5 లీటర్ల డబ్బా తీసుకెళ్ళడం మంచిదైంది.

ఖర్చు: ఆరు చేపలు ₹720, డబ్బా ₹150, జాలీ ₹60, ఆటో ₹240. ఈ దశ ₹1,170. ఇప్పటిదాకా ₹5,450. చేపల లెక్క: పెద్ద ట్యాంకులో 3, క్వారంటైన్‌లో 6.

దశ 4: క్వారంటైన్ (జూలై, ఆగస్టు)

ఈ దశే అన్నిటికంటే కష్టం, అన్నిటికంటే అవసరం.

మొదటి వారంలోనే రెండు చేపల రెక్కల మీద తెల్ల చుక్కలు లేచాయి. తెల్ల మచ్చల జబ్బు, ఒక పరాన్నజీవి వల్ల వచ్చేది. అది చర్మం కింద ఉన్నంతసేపు మందుకు అందదు. పండి, రాలి, అడుగున పగిలి, కొత్త చేపను వెతుక్కుంటూ ఈదేటప్పుడే చస్తుంది. వేడి పెరిగితే ఈ చక్రం తొందరగా తిరుగుతుంది, చికిత్స కాలం తగ్గుతుంది. లోచ్‌ల చర్మానికి మలకైట్ గ్రీన్, రాగి మందులు పూర్తి మోతాదులో పడవు. అందుకే వేడి, ఉప్పు, అడుగు శుభ్రం అనే మూడే ఎంచుకున్నాను:

1. హీటరు రోజుకు ఒక డిగ్రీ చొప్పున పెంచి 30 దగ్గర నిలపడం.
2. అయోడిన్ కలపని కల్లుప్పు లీటరుకు 2 గ్రాములు. 45 లీటర్లకు 90 గ్రాములు, ఒకేసారి కాకుండా మూడు విడతల్లో.
3. రోజూ అడుగు మొత్తం గొట్టంతో లాగుతూ 15 లీటర్లు తీసి, అంతే వేడి ఉన్న 15 లీటర్లలో 30 గ్రాముల ఉప్పు కరిగించి పొయ్యడం. ఆవిరైపోయిన మేరకు మాత్రం ఉప్పులేని నీళ్ళే పొయ్యాలి. ఉప్పు ఆవిరవదు.
4. గాలి పంపు రెట్టింపు. 25 డిగ్రీల నీళ్ళలో ఆక్సిజన్ లీటరుకు 8.3 మిల్లీగ్రాముల దాకా కరుగుతుంది, 30 డిగ్రీల దగ్గర 7.6కు పడిపోతుంది.
5. చివరి చుక్క పోయాక కూడా రెండు వారాలు ఇదే కొనసాగించడం.

మధ్యలో అమ్మోనియా 0.5 చూపించింది. పెద్ద ట్యాంకులో నడిచిన స్పాంజ్ అయినా ఆరు చేపలకు, ఫ్రోజెన్ బ్లడ్‌వార్మ్ (గడ్డకట్టించిన ఎర్ర పురుగులు) మేతకు సరిపోలేదు. ఇక్కడ వేడి కూడా శత్రువే. పీహెచ్ 7.8 దగ్గర, 25 డిగ్రీలతో పోలిస్తే 30 డిగ్రీల్లో మొత్తం అమ్మోనియాలో విషంగా మారే భాగం దాదాపు ఒకటిన్నర రెట్లు. మేత సగానికి తగ్గించాను, రెండో స్పాంజ్ వేశాను, పెద్ద ట్యాంకు క్యానిస్టర్‌లోని సిరామిక్ రింగులు గుప్పెడు సంచీలో కట్టి వేలాడదీశాను. మూడో రోజుకి 0.25, తర్వాత సున్నా.

జాలీలో చిక్కుకున్న చేప నిలబడలేదు. చుక్కలు మొప్పల దాకా పాకాయి, శ్వాస వేగం తగ్గలేదు. చాలా దిగులేసింది. మిగిలిన అయిదూ తేరుకున్నాయి.

వాన రోజుల్లో కరెంటు పోతూ ఉండేది. 30 డిగ్రీల నీళ్ళలో గాలి ఆగితే టెన్షన్ మామూలుగా ఉండదు. కోఠి గుజరాతీ గల్లీలో చార్జింగ్ గాలి పంపు కొన్నాను. కరెంటు పోగానే దానంతట అదే మొదలయ్యే రకం తీసుకోండి, మనం ఇంట్లో లేనప్పుడే దాని పని.

మచ్చలు పోయాక వేడి 27కు దించి, ఉప్పు నీళ్ళ మార్పులతో తగ్గించేశాను. రెండు చేపలు బాగా తింటున్నా తల వెనక గుంట పూడలేదు. అవి లోపలి పురుగుల లక్షణాలు. పురుగుల మందు లెవామిసోల్ లీటరుకు 2 మిల్లీగ్రాములు, అంటే 45 లీటర్లకు 90. మాత్ర 150 మిల్లీగ్రాములది. మాత్రను కత్తిరించి అంచనా వెయ్యడం కంటే ఇది కచ్చితం: మాత్ర పొడి చేసి 15 మిల్లీలీటర్ల నీళ్ళలో కలిపి, బాగా కుదిపి, సిరంజితో 9 మిల్లీలీటర్లు తీసుకుంటే 90 మిల్లీగ్రాములు. వెలుతురుకు ఈ మందు చెడిపోతుంది కాబట్టి ట్యాంకు చుట్టూ దుప్పటి కప్పాను. 24 గంటల తర్వాత సగం నీళ్ళు మార్చి, అడుగంతా లాగేశాను. మూడు వారాలకు మళ్ళీ ఒక విడత.

ఖర్చు: ఉప్పు ₹40, మాత్రలు ₹30, చార్జింగ్ పంపు ₹450, రెండో స్పాంజ్ ₹250. ఈ దశ ₹770. ఇప్పటిదాకా ₹6,220. చేపలు: 3 + 5.

దశ 5: పెద్ద ట్యాంకు సర్దుబాటు (సెప్టెంబర్)

పాత చేపలకు ఆ ట్యాంకులో ప్రతి రాయీ సొంతమే. కొత్తవి దిగే రోజుకి ఆ హద్దులు చెరిగిపోవాలి. పైగా ఎనిమిది లోచ్‌లకు ఎనిమిది చోట్లు చాలవు, పన్నెండు పెట్టాను.

రాళ్ళ కోసం వెతుకుతుంటే ఇంటి దగ్గర తాండూరు బండ ముక్కలు పుష్కలంగా ఉన్నాయి. పలుచగా, గుహలు కట్టడానికి భలే వీలుగా ఉంటాయి. కానీ తాండూరు, షాబాద్ బండలు సున్నపురాయి. గీకిన చోట వెనిగర్ చుక్క వేస్తే సన్నగా నురగ లేచింది. నీళ్ళ కాఠిన్యం పెంచే రాయి, అసలే 7.8 పీహెచ్‌లో అక్కర్లేదు. అదే వెనిగర్‌కు గ్రానైట్ ఏమీ అనలేదు. గ్రానైట్ కోసేచోట పారేసిన ముక్కలు అడిగి తెచ్చుకుని, అంచులు రుద్ది వాడాను.

ఇసుక విషయంలో కూడా చెప్పాలి. ఇప్పుడు కట్టుబడి పనుల్లో ఎక్కడ చూసినా రోబో శాండే. అది పగలగొట్టిన రాయి, రేణువులు కోసుగా ఉంటాయి. మూతి మీసాలతో ఇసుక తవ్వుకుని తినే చేపకు అది పనికిరాదు. గుండ్రటి నది ఇసుక జల్లెడ పట్టి, నీళ్ళు తేటగా వచ్చేదాకా కడిగి వేశాను.

గుహలు కట్టేటప్పుడు పెద్ద చేప తల వెడల్పు కొలతగా పెట్టుకున్నాను. ప్రతి సందూ అంతకంటే బాగా వెడల్పుగానైనా ఉండాలి, అసలు తల పట్టనంత సన్నగానైనా ఉండాలి. మధ్యరకం సందులన్నీ సిలికాన్‌తో పూడ్చేశాను. పెద్ద రాళ్ళు ఇసుక మీద కాకుండా అడుగు అద్దం మీద పరిచిన ప్లాస్టిక్ మెష్ మీద నిలబెట్టాను. లోచ్‌లు కింద తవ్వినా రాయి కూలదు.

ఖర్చు: ఇసుక ₹200, సిలికాన్ ₹220, మెష్ ₹180. ఈ దశ ₹600. ఇప్పటిదాకా ₹6,820.

దశ 6: కలపడం (అక్టోబర్)

1. రెండు ట్యాంకుల టీడీఎస్ తేడా 20 లోపుకి తెచ్చాను.
2. పాత చేపలకు కడుపునిండా మేత వేసి, లైటు తీసేశాను.
3. రాళ్ళు అప్పుడే కొత్త వరసలో పేర్చాను.
4. అయిదింటినీ పీవీసీ కట్టలతో సహా డబ్బాలోకి ఎత్తి, ఒకేసారి దించాను. ఒక్కొక్కటిగా దించితే దెబ్బలన్నీ ఒక్కదానికే పడతాయి.

చీకట్లో ఎర్ర టార్చి వేసి చూస్తే పెద్దది రంగు మార్చేసింది. నల్ల గీతలు వెలిసిపోయి, ఒళ్ళంతా బూడిద రంగు. పోటీ పడేటప్పుడు యోయోలు అలాగే మారతాయి, అది జబ్బు కాదు. కొత్తవాటిలో పెద్దది కూడా అలాగే వెలిసి, రెండూ పక్కపక్కన ఒళ్ళు రాసుకుంటూ ట్యాంకు ఈ కొస నుంచి ఆ కొసకు ఈదాయి. తెల్లారేసరికి రెండిటికీ గీతలు తిరిగొచ్చాయి, గాయాలు లేవు.

మొదటి వారం తరుములాటలు తగ్గలేదు, పెరిగాయి. పది నిమిషాలకు 14 ఉన్నది 22 అయింది. ఇది చూసి కొత్తవాటిని వెనక్కి తీసెయ్యకండి. ఆ 22 ఎనిమిది చేపల మధ్య పంచుకుపోయాయి, చిన్నదానికి పడినవి 3 మాత్రమే. నెల తిరిగేసరికి మొత్తం 6. మేత వేళ టిక్ టిక్ మని చప్పుడు ముందు గదిలోకి వినిపిస్తోంది, అది లోచ్‌లు చేసే చప్పుడే.

ఫిల్టరు దగ్గర మాత్రం ఇబ్బంది వచ్చింది. చిన్న చేపలు లోపలికి పోకుండా పైపు మూతికి తొడిగిన సన్న రంధ్రాల స్పాంజ్ వారానికే పూడుకుపోయి, బకెట్ పరీక్ష 88 సెకన్లకు చేరింది. గంటకు 614 లీటర్లు. పెద్ద రంధ్రాల స్పాంజ్‌కు మారిస్తే 62 సెకన్లు, 870 లీటర్లు. దాన్ని నీళ్ళు మార్చిన ప్రతిసారీ పిండుతున్నాను.

వారం చివర నైట్రేట్ 20 నుంచి 35కు ఎక్కింది. నీళ్ళ మార్పు 50 లీటర్ల నుంచి 70కి పెంచాను. ఇప్పుడు 20, 25 మధ్య నిలబడింది.

ఖర్చు: స్పాంజ్ ₹140. మొత్తం ₹6,960.

దశ 7: నవంబర్ కొలతలు

పాతవి: పెద్దది 11.2, నడిమిది 9, చిన్నది 8 సెంటీమీటర్లు. చిన్నదాని తోక పూర్తిగా పూడింది, మేతకు అందరితో పాటే వస్తోంది. కొత్తవి నాలుగు 6.5 నుంచి 7.5 మధ్య ఉన్నాయి, తల వెనక నిండుగా ఉన్నాయి.

అయిదోది 6 దగ్గరే ఆగింది. తింటోంది, తరుములాటల్లో కూడా ఉంది, కానీ లెవామిసోల్ రెండు విడతల తర్వాత కూడా ఒళ్ళు చెయ్యలేదు. దాన్ని క్వారంటైన్‌కు మార్చి ఫెన్‌బెండజోల్ అనే ఇంకో పురుగుల మందు మేతలో కలిపి పెట్టాలని అనుకుంటున్నాను, ఆ మందు లెవామిసోల్‌లా కాకుండా ఇంకో దారిలో పనిచేస్తుంది. ఒంటరిగా ఉంటే మేత ముట్టదేమోనని కొత్తవాటిలో ఇంకోదాన్ని తోడు పంపిస్తాను. అందుకే రెండడుగుల ట్యాంకు తియ్యలేదు, దాని స్పాంజ్ పెద్ద ట్యాంకులోనే నడుస్తోంది. రాత్రిళ్ళు చలి మొదలైంది, హీటరు 26 మీద పెట్టి మందు వచ్చే ఆదివారం మొదలుపెడతాను.